నిప్పు లేని పొగ

“నిప్పు లేనిదే పొగ రాదు” అన్నది మనలో వాడుకలో ఉన్న సామెత. దూరాన కొండ మీద పొగ కనిపించినప్పుడు అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించడం భారతీయ తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ తార్కికులే మరొక హెచ్చరిక కూడ చేశారు. మంచును గాని, ఆవిరిని గాని చూచి పొగ అని భ్రమించినవాని తర్కం దారి తప్పుతుందని వారు చెప్పారు. ఎదుట ఉన్న వస్తువును సరిగా గుర్తించకుండా ఎంత చక్కగా తర్కించినప్పటికీ ప్రయోజనం లేదని దాని సారాంశం.

ఈనాటి యువజనులను ఆకర్షిస్తున్న ఎలక్ట్రానిక్ సిగరెట్టు విషయంలో ఈ హెచ్చరికకు కొత్త విలువ ఏర్పడినది. ఈ సాధనంలో నిప్పు లేదు, పొగాకు ఆకు లేదు, బూడిద రాలదు. నోటినుండి వెలువడే తెల్లని మేఘం కొద్ది క్షణాలలో మాయమవుతుంది. “ఇది నీటి ఆవిరియే కదా, కొంచెం సువాసనయే కదా, దీనివలన హాని ఏమి?” అని ప్రశ్నించే విద్యార్థులు లేకపోలేదు. నిప్పు లేదన్న మాట వాస్తవమే. కాని అందుచేత హాని కూడ లేదన్న నిర్ణయం విజ్ఞానశాస్త్రానికి సమ్మతం కాదు. ఈ రెండు మాటల నడుమ ఎంత దూరమున్నదో భౌతిక, రసాయన శాస్త్రాల సహాయంతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పొగాకు వచ్చిన దారి

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వర్తకుల ద్వారా అది మన రేవులకు చేరినది. మొగలు దర్బారుకు దానిని పరిచయం చేసిన ఘనత మాత్రం దక్కను ప్రాంతానికే దక్కినది. అక్బరు చక్రవర్తి దూతగా బీజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అను ఉద్యోగి 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అక్కడినుండి పొగాకును, అందమైన పొగ గొట్టాన్ని తెచ్చి చక్రవర్తికి సమర్పించినట్లు తానే వ్రాసుకొన్నాడు. చక్రవర్తి కుతూహలంతో కొన్ని దమ్ములు పీల్చగా ఆస్థాన హకీము వారించాడు. ఇది పరీక్షింపబడని వస్తువు, దీని గుణదోషాలను గురించి మన వైద్యులెవరూ గ్రంథాలలో వ్రాయలేదు, కావున తెలియని దానిని ప్రభువులకు ఎట్లు సిఫారసు చేయగలమని ఆయన వాదించాడు. అక్బరు ఆ అలవాటు చేసుకొనలేదు. 1617లో జహంగీరు పొగాకు సేవనాన్ని నిషేధించాడు. కాని దర్బారుల ఆడంబరం ముందు ఆ నిషేధం నిలువలేదు. బిద్రీ పనివారి చేతిలో హుక్కా ఒక కళాఖండమైనది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో అట్టి హుక్కా పాత్రలను నేటికీ చూడవచ్చును.

తరువాత చుట్ట, బీడీ, సిగరెట్టు వచ్చాయి. గుంటూరు ప్రాంతపు వర్జీనియా పొగాకు దేశదేశాలకు ఎగుమతి అయినది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వెలిశాయి. మరొక వైపు శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో మండుతున్న కొనను నోటి లోపల ఉంచుకొని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు స్త్రీలలో ఎక్కువగా ఉండేది. ఆ వేడికి, పొగకు అంగిలిలో క్యాన్సరు ఏర్పడుతున్నదని విశాఖపట్నపు వైద్యులు 1950వ దశకంలోనే గుర్తించి ప్రకటించారు. అదే దశకం ఆరంభంలో, అనగా 1950లో, ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను శాస్త్రజ్ఞులు సిగరెట్టుకు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధాన్ని గణాంకాలతో చూపారు. 1964లో అమెరికా ప్రభుత్వపు సర్జన్ జనరల్ నివేదిక దానిని ధ్రువపరచినది.

ఆనాడు హకీము అడిగిన పరీక్ష పూర్తి కావడానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టినదన్నమాట. ఆ లోపల అలవాటు లోకమంతటా పాతుకొనిపోయినది. ఈ సంగతి మనస్సులో ఉంచుకొని నేటి కొత్త సాధనాన్ని పరిశీలించాలి.

దహనం వేరు, బాష్పీభవనం వేరు

సిగరెట్టులో జరిగేది దహనం. దమ్ము లాగినప్పుడు దాని మండే కొన సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. ఆ వేడిలో ఆకులోని పదార్థాలు విచ్ఛిన్నమై, మళ్ళీ కలిసి, కొత్త పదార్థాలుగా మారుతాయి. పొగలో 7,000కు పైగా రసాయనాలు గుర్తించబడినాయి. వానిలో కనీసం 69 క్యాన్సరు కారకాలు. రక్తంలోని ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమించే కార్బన్ మోనాక్సైడు, ఊపిరితిత్తులకు అంటుకొనే తారు ఈ దహన ఫలితాలే. ధూమపానం చేయువానిని దానికి కట్టివేసేది నికోటిన్ అయినప్పటికీ, వాని ప్రాణాలు తీసేది ప్రధానంగా ఈ పొగయే.

బాష్పీభవనంలో అట్లు కాదు. ద్రవం వేడెక్కి వాయురూపం పొందుతుంది, చల్లబడినప్పుడు తిరిగి ద్రవమవుతుంది. పదార్థం స్థితి మారుతుంది గాని దాని రసాయన స్వభావం మారదు. అత్తరు తీసేవారు పూలను నీటితో కలిపి డేగిసాలో కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పరిమళాన్ని సంగ్రహించేది ఈ సూత్రం మీదనే. మన ఇళ్ళలో దోమల నివారణకు గోడ ప్లగ్గులో పెట్టే ద్రవపు సీసా కూడ ఇట్టిదే. అందులో వత్తి ద్రవాన్ని పైకి పీల్చుకుంటుంది, చిన్న హీటరు దానిని వేడి చేసి గాలిలో కలుపుతుంది.

పొగాకును కాల్చకుండా నికోటిన్‌ను మాత్రం ఆవిరి రూపంలో అందించగలిగినచో తారు, కార్బన్ మోనాక్సైడు బాధ తప్పుతుంది కదా! ఎలక్ట్రానిక్ సిగరెట్టుకు మూలమైన ఆలోచన ఇదే. తర్కంగా చూచినచో ఇది చక్కని ఆలోచనయే.

ఇద్దరు ఆవిష్కర్తలు

1963లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ పొగ లేని, పొగాకు లేని సిగరెట్టుకు పేటెంటు కోరాడు. 1965లో అది మంజూరైనది. బ్యాటరీతో వేడి చేయబడిన తేమగల సువాసన గాలిని పీల్చడం అతని పథకం. అందులో నికోటిన్ లేదు. ఏ వ్యాపార సంస్థ కూడ దానిని తయారు చేసి అమ్మడానికి ముందుకు రాలేదు.

నలుబది సంవత్సరాల తరువాత చైనాలో హాన్ లిక్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు ఈ పనిని సాధించాడు. అతడు స్వయంగా విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. అతని తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. 2003లో అతడు పేటెంటుకు దరఖాస్తు చేసిన సాధనంలో నికోటిన్ ద్రావణాన్ని శ్రవణాతీత కంపనాలతో సన్నని తుంపరగా మార్చే ఏర్పాటు ఉన్నది. 2004లో అది చైనా అంగళ్ళలోకి వచ్చినది. క్రమంగా కంపనాల స్థానంలో విద్యుత్తుతో వేడెక్కే తీగచుట్ట ప్రవేశించి, నేడు దాదాపు అన్ని సాధనాలలో అదే స్థిరపడినది.

సాధనం పనిచేసే విధానం

ఆకారంలో కలం వలె, పెన్‌డ్రైవ్ వలె, చిన్న పెట్టె వలె ఎన్నో రకాలున్నప్పటికీ లోపల ముఖ్యమైన భాగాలు నాలుగే. అవి బ్యాటరీ, గాలి ఒత్తిడిని గుర్తించే సెన్సరు లేక ఒక మీట, వత్తితో కూడిన తీగచుట్ట, ద్రవం నింపిన గది.

ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరాల్ అను రెండు చిక్కని పదార్థాలు. వానిలో నికోటిన్, సువాసన ద్రవ్యాలు, కొద్దిగా నీరు కలుస్తాయి. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని మనమెరుగుదుము. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల వద్ద, నికోటిన్ 247 డిగ్రీల వద్ద, గ్లిసరాల్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. కావున ఈ మిశ్రమం నీటి కంటె ఎంతో ఎక్కువ వేడి వద్ద గాని ఆవిరి కాదు. “నీటి ఆవిరియే కదా” అన్న మాట ఇక్కడనే వీగిపోతున్నది.

ఈ ద్రవం ప్రత్తి వత్తి ద్వారా తీగచుట్టను చేరుతుంది. ప్రమిదలోని నూనె వత్తి కొసకు ఎగబ్రాకే కేశనాళికీయతయే ఇక్కడ కూడ పనిచేస్తున్నది. మనిషి దమ్ము లాగగానే లోపలి గాలి పీడనం కొద్దిగా తగ్గుతుంది. సెన్సరు ఆ మార్పును పసిగట్టి బ్యాటరీని తీగచుట్టతో కలుపుతుంది. మీట ఉన్న రకాలలో దానిని వ్రేలితో నొక్కాలి.

తీగచుట్టను సాధారణంగా నిక్రోమ్ వంటి మిశ్రలోహంతో చేస్తారు. హాస్టలు గదులలో వార్డెనుకు తెలియకుండా నీళ్ళు కాచుకొనే హీటరులో ఉండే తీగ కూడ ఈ జాతిదే! దీని వేడిని ఓమ్ నియమంతో లెక్క కట్టవచ్చును. బ్యాటరీ వోల్టేజి 3.7, తీగ నిరోధం 1.8 ఓములు అనుకొందాము. అప్పుడు ప్రవాహం సుమారు 2 ఆంపియర్లు, సామర్థ్యం సుమారు 7.6 వాట్లు. ఇంట్లో వెలిగే చిన్న ఎల్.ఇ.డి. బల్బు ఖర్చు చేసే విద్యుత్తు ఇంతే ఉంటుంది. మూడు సెకన్ల దమ్ములో సుమారు 23 జౌళ్ళ ఉష్ణం పుడుతుంది. ఇది చాలా స్వల్పం. కాని వేడెక్కవలసిన తీగ సన్ననిది, ఆవిరి కావలసిన ద్రవం కొద్ది మిల్లీగ్రాములు. అందుచేత ఒక్క క్షణంలోనే ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటుతుంది. నిరోధాన్ని 0.5 ఓముకు తగ్గించినచో అదే బ్యాటరీతో సామర్థ్యం 27 వాట్లకు పెరుగుతుంది. కొన్ని సాధనాలలో దీనిని మార్చుకొనే వీలు వాడుకరి చేతిలోనే ఉన్నది. ఈ విషయం యొక్క ప్రాధాన్యం ముందు తెలియగలదు.

కంటికి కనిపించేది ఆవిరి కాదు

మరుగుతున్న కెటిలు ముక్కును శ్రద్ధగా గమనించండి. ముక్కుకు ఆనుకొని అంగుళం మేర ఏమీ కనిపించదు. ఆ తరువాతనే తెల్లని మేఘం ఆరంభమవుతుంది. నిజమైన ఆవిరి ఆ కనిపించని భాగంలో ఉన్నది. ఆవిరి చల్లని గాలి తగిలి మళ్ళీ సన్నని నీటి బిందువులుగా మారినప్పుడే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ సిగరెట్టులోను ఇదే జరుగుతుంది. తీగచుట్ట వద్ద పుట్టిన ఆవిరి, పీల్చిన గాలితో కలిసి చల్లబడి, అసంఖ్యాకమైన సూక్ష్మ బిందువులవుతుంది. వాయువులో తేలియాడే ఇట్టి బిందువుల సమూహాన్ని శాస్త్రజ్ఞులు ఏరోసాల్ అంటారు. ఈ బిందువులలో అత్యధిక భాగం ఒక మైక్రాను కంటె చిన్నవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. ముక్కులోని వెండ్రుకలు, శ్వాసనాళంలోని తేమ పెద్ద ధూళి కణాలను ఆపగలవు గాని, ఇంత చిన్న బిందువులను పూర్తిగా ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతులలో, రక్తానికి గాలికి నడుమ పలుచని పొర మాత్రమే ఉండే వాయుకోశాల వరకు చేరగలవు.

మేఘం త్వరగా మాయమవుతుంది కనుక ఏమీ మిగలలేదని అనుకొనరాదు. బిందువు ఆరిపోయినప్పటికీ అందులోని నికోటిన్ ఎక్కడికీ పోదు. కొంత పక్కనున్నవారు పీల్చే గాలిలో కలుస్తుంది, కొంత గోడలకు, బట్టలకు అంటుకుంటుంది.

అడుగంటిన గిన్నె చెప్పే పాఠం

ఇంతవరకు చెప్పినది ఆదర్శ పరిస్థితి. ద్రవం ఆవిరి అయి, తిరిగి అదే ద్రవంగా మారినచో రసాయన మార్పు జరుగలేదనవచ్చును. కాని ఆచరణలో సంగతి ఇంత సులభం కాదు.

పొయ్యి మీది గిన్నెలో నీళ్ళున్నంతవరకు అడుగు మాడదు. మంట ఇచ్చే వేడి నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. దీనినే మనం గుప్తోష్ణం అని చదువుకొన్నాము. నీరు ఇంకిపోయిన వెంటనే అదే మంట మీద అడుగంటుతుంది. తీగచుట్ట విషయం కూడ అంతే. వత్తి తడిగా ఉన్నంతసేపు ద్రవమే ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. వరుసగా, గట్టిగా, దీర్ఘంగా దమ్ములు లాగినప్పుడు, ద్రవం అడుగంటినప్పుడు, సామర్థ్యం పెంచినప్పుడు వత్తికి ద్రవం చేరే వేగం చాలదు. తీగ ఒక్కసారిగా వేడెక్కి, ద్రవంతో పాటు ప్రత్తి కూడ మాడుతుంది. దీనిని పొడి దమ్ము అనవచ్చును.

అప్పుడు బాష్పీభవనం ఆగి రసాయన వియోగం ఆరంభమవుతుంది. వంటింట్లో నూనె మరీ కాగిపోయినప్పుడు ముక్కును మండించి, కళ్ళనుండి నీరు కార్పించే ఘాటు మనకందరికీ అనుభవమే. ఆ ఘాటుకు కారణమైన వానిలో ముఖ్యమైనది ఎక్రొలీన్. నూనెలోని గ్లిసరాల్ భాగం అధిక వేడిలో నీటిని కోల్పోయినప్పుడు అది ఏర్పడుతుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్టు ద్రవంలో సగం వరకు, కొన్నిటిలో అంతకంటె ఎక్కువ, ఈ గ్లిసరాలే ఉన్నదని మరువరాదు. ప్రొపిలీన్ గ్లైకాల్ వేడికి, ప్రాణవాయువుకు లోనై ఫార్మాల్డిహైడు, ఎసిటాల్డిహైడులను ఇస్తుంది. జంతుశాస్త్ర ప్రయోగశాలలో కప్పలను నిలవ చేసే ఫార్మలిన్ సీసాలో ఉన్నది ఈ ఫార్మాల్డిహైడే. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల వర్గంలో చేర్చినది.

2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు ఒకే సాధనాన్ని రెండు వోల్టేజిల వద్ద పరీక్షించారు. 3.3 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడును విడుదల చేసే సమ్మేళనాలు కనిపించలేదు. 5 వోల్టుల వద్ద అవి గణనీయంగా కనిపించాయి. అంత వేడి వద్ద రుచి మాడి భరింపరానిదిగా ఉంటుందని, మామూలుగా ఎవరూ అట్లు పీల్చరని కొందరు శాస్త్రజ్ఞులు విమర్శించారు. ఆ విమర్శలోను న్యాయమున్నది. కాని ఈ వాదోపవాదాలు రెండూ ఒకే సత్యాన్ని బోధిస్తున్నాయి. ఈ సాధనంలో హాని ఎంత అన్నది దాని పేరు మీద కాక ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉన్నది. ఆ ఉష్ణోగ్రతను పీల్చువాడు చూడలేడు, కొలవలేడు.

వేడెక్కిన లోహం కూడ నిర్లిప్తంగా ఉండదు. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో, సీసాలోని ద్రవంలో స్వల్పంగా ఉన్న సీసము, నికెలు, క్రోమియం వంటి లోహాలు తీగచుట్టను తాకిన తరువాత ద్రవంలోను, ఏరోసాల్‌లోను ఎక్కువగా కనిపించాయి.

తినదగినదంతా పీల్చదగినది కాదు

ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరాల్, సువాసన ద్రవ్యాలు మిఠాయిలలోను, మందులలోను వాడేవే కదా అని కొందరు వాదిస్తారు. జీర్ణకోశం వేరు, శ్వాసకోశం వేరు. కడుపులోకి పోయినది జీర్ణరసాలకు, ఆపైన కాలేయానికి లోబడుతుంది. ఊపిరితిత్తులకు అట్టి కాపలా లేదు.

దీనికి చరిత్రలో నిదర్శనమున్నది. వెన్న వాసన నిచ్చే డైఎసిటైల్ అను ద్రవ్యం తినడానికి హానికరం కాదని ఆహార పరిశ్రమలో వాడేవారు. 2000లో అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో మొక్కజొన్న పేలాల కర్మాగారపు కార్మికులలో సన్నని శ్వాసనాళికలు పూడుకొనిపోయే నయం కాని వ్యాధి బయటపడినది. వారు ఆ ద్రవ్యపు ఆవిరిని పని స్థలంలో పీల్చినవారు. తరువాతి కాలంలో ఇదే ద్రవ్యం కొన్ని ఎలక్ట్రానిక్ సిగరెట్టు ద్రవాలలో కూడ కనిపించినది.

ఇంతకంటె భయంకరమైన ఉదంతం 2019లో జరిగినది. అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకులు ఆయాసంతో ఆసుపత్రులలో చేరసాగారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కలిసి 2,807 మంది లెక్కకు వచ్చారు. వారిలో 68 మంది మరణించారు. రోగులలో ఎక్కువమంది గంజాయి సారం కలిపిన ద్రవాలు పీల్చినవారు. ఆ ద్రవాలను చిక్కపరచడానికి వాడిన విటమిన్-ఇ ఎసిటేటుకు ఈ వ్యాధితో గట్టి సంబంధమున్నదని తేలినది. ఇది చర్మానికి పూసుకొనే లేపనాలలో, మాత్రలలో నిరపాయంగా వాడబడే పదార్థం. దానిని వేడి చేసి ఊపిరితిత్తులలోనికి పంపినప్పుడు అది ప్రాణాంతకమైనది.

నికోటిన్ బంధం

1560లో ఫ్రెంచి రాజాస్థానానికి పొగాకును పరిచయం చేసిన జాన్ నికో పేరు మీద నికోటిన్‌కు ఆ పేరు వచ్చినది. 1828లో హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దానిని శుద్ధరూపంలో వేరుపరచారు. పీల్చిన కొద్ది సెకన్లలోనే అది మెదడును చేరి, ఆనందానుభూతికి కారణమైన డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ అనుభూతి త్వరగా తగ్గుతుంది, మళ్ళీ కావాలనిపిస్తుంది. ఇదియే వ్యసనపు చక్రం.

మామూలు నికోటిన్ క్షారగుణం కలది. ఎక్కువ మోతాదులో పీల్చినప్పుడు గొంతు మండుతుంది. ఆ మంట ఒక విధంగా ప్రకృతి ఇచ్చిన అడ్డుకట్ట. బెంజోయిక్ ఆమ్లం వంటి వానితో నికోటిన్‌ను లవణంగా మార్చినచో ఆ మంట తగ్గిపోతుంది. 2015లో అమెరికా మార్కెట్టులోకి వచ్చిన జూల్ అను సాధనం ఈ ఉపాయంతోనే ఎక్కువ నికోటిన్‌ను మృదువుగా అందించినది. ఐరోపా సమాఖ్య ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములకు మించరాదని పరిమితి విధించగా, జూల్ అమెరికాలో అమ్మిన ద్రవంలో దాదాపు 59 మిల్లీగ్రాములు ఉండేది. మామిడి, పుదీనా వంటి సువాసనలు దీనికి తోడైనాయి. అమెరికా హైస్కూలు విద్యార్థులలో వీనిని వాడేవారు 2011లో 1.5 శాతం మాత్రమే. 2019 నాటికి వారు 27.5 శాతమయ్యారు. వివిధ ఆంక్షల అనంతరం 2024లో ఈ సంఖ్య 7.8 శాతానికి తగ్గినది.

మానవుని మెదడు ఇరువదైదు సంవత్సరాల వయస్సు వరకు వికసిస్తూనే ఉంటుంది. ఏకాగ్రతకు, నిగ్రహానికి సంబంధించిన భాగాలు చివరగా పరిపక్వమవుతాయి. చదువుకొనే వయస్సులోనే ఈ బంధం పడినచో దెబ్బ తినేది ఆ భాగాలే.

ఉభయ పక్షాల వాదం

సత్యాన్వేషణలో ఒక పక్షపు మాటను మాత్రమే చెప్పడం న్యాయం కాదు. 2016లో బ్రిటనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, ఈ సాధనాల వలన దీర్ఘకాలంలో కలిగే హాని సిగరెట్టు వలన కలిగే హానిలో 5 శాతాన్ని మించకపోవచ్చునని అంచనా వేసినది. ఎన్నో ఏండ్లుగా సిగరెట్టును వదలలేక బాధపడుతున్న వారికి అక్కడి వైద్యులు దీనిని ఒక మెట్టుగా సూచిస్తున్నారు. దహనం లేనందువలన తారు, కార్బన్ మోనాక్సైడు తప్పుతాయన్న మాట నిజమే కనుక ఈ వాదానికి శాస్త్రీయమైన ఆధారమున్నది. అదే బ్రిటను, పిల్లల చేతులలోకి ఇవి విచ్చలవిడిగా చేరుతున్నవని గుర్తించి, ఒకసారి వాడి పారవేసే రకాల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించినది.

మన దేశం వేరొక మార్గాన్ని ఎన్నుకొన్నది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిలువ, ప్రకటన అన్నీ నిషేధించబడినాయి. అమ్మకం వంటి నేరానికి మొదటిసారి ఒక సంవత్సరం వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చును. తిరిగి చేసినచో మూడు సంవత్సరాల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిలువ చేసినందుకు ఆరు నెలల వరకు జైలు గాని, యాభై వేల వరకు జరిమానా గాని, రెండూ గాని. కావున మన వద్ద చాటుగా అమ్మబడే సాధనానికి తనిఖీ లేదు, ద్రవంలో ఏమున్నదో చెప్పే బాధ్యుడు లేడు. తీగచుట్ట ఎంత వేడెక్కుతుందో, లిథియం బ్యాటరీ ఎంత నాణ్యమైనదో అడగడానికి దారి లేదు. సిగరెట్టు కంటె తక్కువ హాని అన్న మాట సిగరెట్టును వదలదలచిన వృద్ధునికి ఒక అర్థమిస్తుంది. ఏ అలవాటు లేని పద్దెనిమిదేండ్ల విద్యార్థికి అది వర్తించదు. అతడు పోల్చుకొనవలసినది సిగరెట్టు పొగతో కాదు, స్వచ్ఛమైన గాలితో.

ఉపసంహారం

ఎలక్ట్రానిక్ సిగరెట్టు మాంత్రిక వస్తువు కాదు. ఓమ్ నియమం, కేశనాళికీయత, గుప్తోష్ణం, సాంద్రీకరణం అను పాఠాలు చదివిన ఏ ఇంటర్మీడియట్ విద్యార్థి అయినను దీనిని పూర్తిగా అర్థం చేసుకొనగలడు. అర్థం చేసుకొన్నవానికి మూడు విషయాలు స్పష్టమవుతాయి. ఇందులో నిప్పు లేదు గాని, నూనెను మాడ్చేంత వేడి ఉన్నది. ఇందులో పొగ లేదు గాని, ఊపిరితిత్తుల అడుగు వరకు పోయే సూక్ష్మ బిందువులున్నవి. ఇందులో పొగాకు ఆకు లేదు గాని, పొగాకు యొక్క బంధనశక్తి అంతయు ఉన్నది.

హుక్కాలోని నీరు పొగను శుద్ధి చేస్తుందని పూర్వం ఎందరో నమ్మారు. నీరు పొగను చల్లబరచినదే గాని దానిలోని విషాన్ని తొలగించలేదు. గొంతుకు సుఖంగా ఉన్నందువలన వారు మరింత లోతుగా పీల్చారు. నీటి స్థానంలో నేడు సువాసన వచ్చినది, భ్రమ మాత్రం మారలేదు.

కళాశాల పాలకవర్గం వారు ఈ విషయమై విజ్ఞానశాస్త్ర సంఘం ఆధ్వర్యంలో సంవత్సరానికొక ఉపన్యాసం ఏర్పాటు చేయించినచో, సంచుల సోదాల కంటె అది ఎక్కువ మేలు చేయగలదని మనవి. ఇప్పటికే అలవాటు పడినవారిని దోషులుగా గాక సహాయం అవసరమైనవారుగా చూడడం ధర్మం. పొగాకు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం వారు నడుపుతున్న ఉచిత టెలిఫోను సలహా కేంద్రం 1800-11-2356 సంఖ్యపై లభిస్తుంది.

నాలుగు శతాబ్దాల క్రితం ఒక హకీము తన చక్రవర్తి ఎదుట నిలిచి, పరీక్షింపబడని వస్తువును నేను సిఫారసు చేయలేనని చెప్పగలిగాడు. మిత్రులు చేతికందించే కొత్త సాధనం ముందు అంతపాటి ధైర్యాన్ని మన విద్యార్థినీ విద్యార్థులు చూపగలరని ఆశించడం అత్యాశ కాదు. ఆనాడు ఆ వైద్యుని వద్ద ఉన్నది సందేహం మాత్రమే. ఈనాడు మన చేతిలో పరీక్షా ఫలితాలు కూడ ఉన్నవి.